వాసన ఏడున్నది మేడమ్?

పర్యావరణ శాస్త్రం చదువుతున్నానని మీరు మొదటిసారి చుట్టాలింట్లో చెప్పినప్పుడు వాళ్లేమన్నారో నాకు తెలుసు. "మొక్కలు నాటే చదువా?" అని ఉంటారు. కాస్త పేపరు చదివేవాళ్లయితే ఓజోన్ పొర గురించి అడిగి ఉంటారు. ఆ తర్వాత "దానికి ఉద్యోగాలు ఉంటాయా?" అని, మీరు నోరు తెరిచేలోపే పక్కింటి అబ్బాయి ఇంజనీరింగ్ సీటు మీదికి వెళ్లిపోయి ఉంటారు. ఏమీ అనుకోకండి. సంగారెడ్డి దగ్గర ఒక పీజీ కళాశాలలో ఆ పాఠాలే చెప్పి చెప్పి రిటైరయ్యాను నేను. మా అత్తగారు మాత్రం చివరిదాకా నన్ను బోటనీ టీచరనే పరిచయం చేశారు.

మా విభాగానికి పిల్లలు ఏరికోరి వచ్చేవారంటే అబద్ధమవుతుంది. కెమిస్ట్రీలో సీటు రానివాళ్లు, మైక్రోబయాలజీ కోసం ఆఖరి కౌన్సెలింగ్ దాకా ఎదురుచూసి విసిగిపోయినవాళ్లు మా గుమ్మం ఎక్కేవారు. సగంమంది ఈ చుట్టుపక్కల పిల్లలే. పటాన్‌చెరు, ముత్తంగి, పాశమైలారం. నాన్న ఫ్యాక్టరీలో, అన్న గోదాములో. మిగతా సగం ఉట్నూరు, అచ్చంపేట లాంటి దూరాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లు. ఈ రెండు జట్లకూ క్షణం పడేది కాదు. ఊరి పిల్లలకు బండ్లుండేవి, హాస్టల్ పిల్లలకు ఆకలి ఉండేది.

నా పక్క గదిలో కెమిస్ట్రీ సారు ఉండేవారు. మంచి మనిషే కానీ అంకె లేని మాట చెవికెక్కేది కాదు ఆయనకు. ఎండ మండిపోతోంది సార్ అంటే "ఎన్ని డిగ్రీలు?" అని అడిగేవారు. ఆయనతో రోజుకోసారి పోట్లాడకపోతే నాకు టీ రుచించేది కాదు.

ఒక మధ్యాహ్నం మా విభాగానికి ఒకావిడ వచ్చారు. పాశమైలారం దాటాక ఒక ఊరు, ఆ ఊరి బడికి హెడ్‌మిస్ట్రెస్. ఊరివాళ్లు పెద్దమేడం అంటారు. సిద్దిపేట వైపు మనిషి, సంగారెడ్డిలో కాపురం, రోజూ బస్సులో వచ్చిపోతారు. బడి వెనక గోడకు ఆనుకునే ఒక ఫ్యాక్టరీ ఉంది. గోడ అవతల మూతలేని పెద్ద ట్యాంకు. సరిగ్గా అన్నం బెల్లు కొట్టే వేళకు అందులోకి వాడిన నీళ్లు వదులుతారు.

"కుళ్లిన గుడ్లు, కాలిన రబ్బరు కలిస్తే ఎట్లుంటదో అట్లుంటది మేడమ్," అన్నారు ఆవిడ. "పిల్లలకు తలనొప్పులు, కళ్ల మంటలు. ఆ ట్యాంకుకు మూత పెట్టియ్యమని పొల్యూషన్ బోర్డుకు ఫిర్యాదు చేసిన. ఆఫీసరు సారు వచ్చిండ్రు, ఊళ్లె అడిగిండ్రు. ఒక్కరన్న వాసనుందనలేదు! నా ఒక్కదానికే వస్తున్నదంట. మేనేజరు సారయితే మంచి ముక్కు డాక్టరును చూపిస్తనన్నడు."

నవ్వుతూనే చెప్పారు. అధికారి పట్టుకొచ్చిన యంత్రంలో కూడా అంకెలన్నీ హద్దులోనే ఉన్నాయట. ఇంకొక్కసారి అందరినీ కూర్చోబెట్టి విచారిస్తామన్నారట. అప్పుడు కూడా ఏమీ తేలకపోతే ఫిర్యాదు మూసేస్తారు.

"ఒక్కపారి మూసిండ్రంటే ఇగ నా మాట ఎవలు ఇనరు మేడమ్. పిల్లలు మాత్రం ఆ గోడ పక్కన్నే కూసొని తినాలె."

మనిషి ముక్కు కొన్ని వాసనలను యంత్రాలకంటే ముందు పసిగడుతుంది. అందుకే మా శాస్త్రంలో ముక్కుల జట్టు అనే పద్ధతి ఒకటుంది. నవ్వకండి, పరీక్షల్లో కూడా వస్తుంది. కొందరు మనుషులు నిర్ణయించిన చోట్ల నిలబడి గాలి పీల్చి, వాసన లేకపోతే సున్నా, భరించలేకపోతే ఐదు, మధ్యలో దాన్నిబట్టి అంకె వేస్తారు. అంతే సంగతి. ఈ పని ఎవరు చేస్తారని క్లాసులో అడిగానో లేదో, చివరి సంవత్సరం అమ్మాయి ఒకతె లేచి నిలబడింది.

"మా ఊరే మేడమ్ అది. నేనే చేస్త. నా చెల్లె ఆ బడిలనే సదువుతది, రోజు తల పట్టుకొని ఇంటికొస్తది."

ఆ అమ్మాయి చురుకైనది. ఆ సాయంత్రానికల్లా జట్టు తయారు చేసింది. తనూ, చుట్టుపక్కల ఊళ్ల స్నేహితులు నలుగురూ. వాళ్లకు ప్రతి గల్లీ తెలుసు, బండ్లున్నాయి, పిలిస్తే పలుకుతారు. హాస్టల్ పిల్లలు రెండు బస్సులు మారి వచ్చే బాధ తప్పిందని సంతోషించారు. ఇంతకంటే మంచి జట్టు దొరకదని నేనూ అనుకున్నాను.

కొన్ని వారాలు తిరిగి ఫలితాలు పట్టుకొచ్చారు. బడి గోడ దగ్గర సున్నా. బడి వంటగది దగ్గర సున్నా. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒకటి, అది కూడా వాచ్‌మన్ బీడీ వల్ల. ముత్తంగి కూడలిలో బిర్యానీ హోటల్ ముందు మాత్రం ఐదుకు ఐదు వేసి, పక్కన "మస్తు" అని కూడా రాశారు.

నేనూ వాళ్లతో ఒకసారి వెళ్లాను. పెద్దమేడం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "వస్తున్నదా మేడమ్? ఇప్పుడొస్తున్నదా?" అని నా మొహంలోకి చూస్తూ అడిగారు. నాకు వంటగదిలోని పప్పుచారు పోపు తప్ప మరేమీ తెలియలేదు. పాపం, ఈవిడకు ఏదో అయిందని జాలేసింది.

"సున్నా కూడా ఫలితమే కదండీ," అన్నారు కెమిస్ట్రీ సారు టీ చప్పరిస్తూ. "ఉన్నదున్నట్టు రాసిచ్చేయండి."

ఆ అమ్మాయి మొహం చూడలేకపోయాను. "మరి నా చెల్లె అబద్ధమాడుతున్నదా మేడమ్?" అంది. చెల్లెలిని అడిగితే వాసన సంగతి తనకు తెలియదంటుంది, తల మాత్రం పగిలిపోతోందంటుంది.

పీటముడి పడ్డ ఆ వ్యవహారాన్ని విప్పింది ఒక కోడిగుడ్డు. బడిలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజులుంటాయి. మా పిల్లలు వెళ్లినప్పుడల్లా పెద్దమేడం వాళ్లకూ ఇంటి నుంచి అన్నం, ఉడికించిన గుడ్లు తెచ్చి పెట్టేవారట. ఆ సంగతి హాస్టల్లో పొక్కింది. ఉట్నూరు అబ్బాయి ఒకడు, మా క్లాసులో పెద్ద తిండిపుష్టి, "నేను కూడ వస్త, చీటీలు రాసుడుల సాయం చేస్త" అంటూ ఒకడి బండి వెనక ఎక్కేశాడు. ఆఖరిసారి ఒక చూపు చూద్దామని ఆ రోజు నేనూ వెళ్లాను.

బడి గేటు దగ్గర బండి దిగాడు. రెండడుగులు వేశాడు. ఆగిపోయాడు. అరచేత్తో మూతీ ముక్కూ కలిపి మూసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మో! ఏం సచ్చిందిరా ఈడ?" అన్నాడు.

"ఏడ? ఏం లేదు గదా," అన్నారు మిగతా అయిదుగురూ ఒక్కసారే, గాలి గట్టిగా పీలుస్తూ.

"పరాచికాలా? గింత కంపుల ఎట్ల నిలవడ్డరురా మీరు!"

పెద్దమేడం వరండా దిగి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు. "నీకొస్తున్నదా నాయనా? నిజంగ వస్తున్నదా?" అని వాడి రెండు చేతులూ పట్టుకున్నారు. తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు వాడినే చూస్తున్నారు. వాడు చేతులు విడిపించుకుని మళ్లీ ముక్కు మూసుకున్నాడు. గుడ్డు వద్దన్నాడు. అన్నమూ వద్దన్నాడు. బస్సు దొరికే దాకా రోడ్డు మీద నిలబడతానన్నాడు. హాస్టల్ పిల్లవాడు ఉడికించిన గుడ్డు వదిలేసి పోయాడంటే ఇక నాకు వేరే రుజువు అక్కర్లేకపోయింది.

ఇల్లు చేరేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడే పటాన్‌చెరు దగ్గర ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చారు. కొత్తలో మా అమ్మ, గాలి ఏదోలా ఉందంటూ పగలు కూడా కిటికీలు మూసేసుకునేదట. నాకు జ్ఞానం వచ్చేనాటికి మా ఇంటి కిటికీలన్నీ బార్లా తెరిచే ఉండేవి. గాలి బాగుపడి కాదు. అమ్మ ముక్కు సర్దుకుపోయింది. రోజూ పీల్చే వాసనను కొన్నాళ్లకు మెదడు లెక్కలోంచి తీసేస్తుందని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో! అదే నేను, వాసన పట్టుకోవడానికి ఏరి ఏరి ఈ గాలిలో పుట్టిపెరిగిన ముక్కులనే పంపాను. పెద్దమేడం రోజూ సాయంత్రం సంగారెడ్డి వెళ్లిపోతారు కనుక ఆవిడ ముక్కు మాత్రం మొద్దుబారలేదు. ముక్కు అలవాటు పడుతుంది కానీ తల అలవాటు పడదు. ఆ చెల్లెలి తలనొప్పి ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

మర్నాడే కొత్త జట్టు కట్టాం, అందరూ హాస్టల్ పిల్లలే. ఉట్నూరు అబ్బాయిని బతిమాలాల్సి వచ్చింది. కెమిస్ట్రీ సారు ఒక అభ్యంతరం తెచ్చారు, అది న్యాయమైనదే.

"ఫ్యాక్టరీ కనిపిస్తే పిల్లలు దాన్ని చూసే ఐదు వేస్తారు. ఎక్కడున్నారో వాళ్లకు తెలియకూడదు. కళ్లకు గంతలు కట్టి తీసుకెళ్లండి," అన్నారు.

అని ఊరుకోలేదు, తన స్కూటరు మీద ఒకణ్ని తనే తీసుకొచ్చారు. నల్ల గుడ్డతో కళ్లు కట్టిన కుర్రవాణ్ని వెనక కూర్చోబెట్టుకుని, ముత్తంగి కూడలిలో సిగ్నల్ దగ్గర ఆగారట. జనం ఊరుకుంటారా? ట్రాఫిక్ పోలీసాయన వచ్చి తాళం చెవి లాక్కున్నాడు. "శాస్త్రీయ పరిశోధన" అని సారు, "మా సారే, నన్నెత్తుకపోతలేడు" అని వాడు ఎంత మొత్తుకున్నా వినలేదు. చివరకు నేను ఫోనులో పూచీ పడితే వదిలాడు. ఆ తర్వాత చాలాకాలం సారు నాతో పోట్లాటకు దిగినప్పుడల్లా నేను జేబురుమాలు తీసి కళ్లకు అడ్డం పెట్టుకునేదాన్ని. ఆయన నవ్వేసి ఓడిపోయేవారు.

ఈసారి ఫలితాలు వేరుగా వచ్చాయి. ఊరి మొదట్లో ఒకటి, బజారులో రెండు, బడి వెనక వంటగది మూల అందరూ ఐదే. ఆ అమ్మాయి పెద్ద అట్ట మీద ఊరి పటం గీసి, ఆ మూలను ఎర్రగా నింపింది.

విచారణ రోజు రానే వచ్చింది. బడి వరండాలో కుర్చీలు వేశారు. అధికారి నెమ్మదస్తుడు, ఎవరి మాటకైనా తల ఊపుతూ వినే మనిషి. ఫ్యాక్టరీ మేనేజరు మర్యాదస్తుడు, అందరికీ సమోసాలు తెప్పించాడు. మధ్య కుర్చీలో సర్పంచమ్మ. ఆవిడ కొడుకు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేస్తాడు. వరండా కింద ఊరి జనం. పెద్దమేడం ఒక పక్కన, ముద్దాయిలాగా నిలబడి ఉన్నారు.

పటం గీసిన మా క్లాసు అమ్మాయి దాన్ని చూపించి చక్కగా చెప్పింది. మేనేజరు అంతా విని గొంతు సవరించుకున్నాడు.

"సార్, మొదటి జట్టు ఏమీ లేదంది. తర్వాత జట్టును మార్చారు. నచ్చిన జవాబు వచ్చేదాకా మారుస్తూ పోతే ఎట్లా సార్? పైగా వీళ్లంతా మేడమ్ గారి స్టూడెంట్లే."

అలవాటు పడిన ముక్కుల గురించి నేను వివరించాను. అధికారి తల ఊపారు కానీ తృప్తి పడలేదు.

"మీరు చెప్పింది అర్థమైందమ్మా. కానీ బయటివాళ్లు వచ్చి పోతారు. ఇక్కడ ఉండేది వీళ్లు. ఊరి మనిషి ఒక్కరైనా ఉందని చెప్పాలి కదా?" అని జనం వైపు తిరిగి, "ఏమయ్యా, వాసన వస్తోందా?" అని అడిగారు.

"వాసన ఏడున్నది సార్?" అన్నారు అందరూ.

వాళ్లు అబద్ధమాడటం లేదు. వచ్చిన చిక్కే అది. అధికారి కలం జేబులో పెట్టుకోబోయారు. పెద్దమేడం తల దించుకున్నారు.

సర్పంచమ్మ మరో మాట కలిపింది. "ఈ ఊరికి కోడలుగ వచ్చి నా తల నెరిసింది సార్. ఎవరి పక్కన మాట్లాడి నాకేమొస్తది? ఉంటే ఉన్నదంట. నాకైతే ఏ వాసన లేదు."

కోడలు అన్న మాట వినగానే మా అమ్మాయి తల ఎత్తింది. "పెద్దమ్మా," అంది, "ఒకపారి వదినెను పిలువుండ్రి."

సర్పంచమ్మ ఇల్లు బడికి ఎదురుగానే. ఆవిడ కొడుక్కు ఈ మధ్యనే పెళ్లయింది. పిల్లది నారాయణఖేడ్ అవతల, చుట్టూ కందిచేలు తప్ప పొగగొట్టం కనబడని పల్లె నుంచి వచ్చింది. మూతి మీది కొంగు తీయకుండా తిరుగుతుందని, అంత సిగ్గరి పిల్ల ఈ రోజుల్లో ఎక్కడా దొరకదని ఊరు ఊరంతా మెచ్చుకుంటోందట.

"పిలువు బిడ్డ, నాకేం భయం? నా కోడలు బంగారం," అంది సర్పంచమ్మ దర్జాగా.

కోడలు వచ్చింది. కొంగు ముక్కు మీదుగా లాగి, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. అంత మంది మగవాళ్ల ముందు మెట్టు దగ్గరే ఆగిపోయింది. అధికారి మెత్తగానే అడిగారు. ఆమె అత్త వైపు చూసింది. భర్త జీతం ఆ గోడ అవతల నుంచే వస్తుంది. ఏ మాట అంటే ఏమవుతుందో, ఆ పిల్లను ఎందుకు ఇందులోకి లాగామా అని నాకు భయమేసింది.

"భయమెందుకు? ఉన్నదున్నట్టు చెప్పు," అంది సర్పంచమ్మ పూర్తి నమ్మకంతో.

కోడలు కొంగు తీయకుండానే అంది: "అత్తమ్మా, ఇది సిగ్గు కాదు. కంపు."

అందరూ సర్పంచమ్మ వైపు తిరిగారు. కోడలు ఆగలేదు.

"వచ్చినకాడికెల్లి ఓర్సుకుంటున్న. అన్నం ముద్ద నోట్లె పెట్టబుద్ధి గాదు. మీరందరు మంచిగనే ఉన్నరు గదా, నాకే ఏదన్న రోగముందేమోనని ఎవలకు చెప్పలే."

"నేనూ గట్లనే అనుకున్న బిడ్డా," అన్నారు పెద్దమేడం. ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే నాకూ ఆగలేదు.

అధికారి మాత్రం తన పని మరిచిపోలేదు. మా అట్టను బోర్లించి, "ఎక్కడ ఎక్కువగా వస్తుందో మాకు చూపిస్తావా అమ్మా?" అని అడిగారు. ఆ పిల్ల ముందు, మేమంతా వెనక. బడి చుట్టూ తిరిగి, ఎవరినీ అడగకుండా, వంటగది మూలకు వెళ్లి ఆగి, గోడ వైపు వేలు చూపించి వెనక్కి తిరిగింది. అధికారి వరండాలోకి వచ్చి అట్టను తిప్పి, ఎర్రగా నింపిన మూలను చూశారు. కలం మళ్లీ బయటకు తీశారు.

సర్పంచమ్మ ఒకటే చూపు కోడలిని చూసింది. తిడుతుందనుకున్నాను. దగ్గరికి వెళ్లి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, ఫక్కున నవ్వింది. ఆ నవ్వు జనానికి అంటుకుంది. నవ్వు ఆగాక మేనేజరు వైపు తిరిగింది.

"ఏమయ్యా, నా కోడలు ముక్కు మూసుకొని తిరుగుతుంటే అణకువ అనుకొని ఊరంత చెప్పుకున్న. నా ఇజ్జత్ తీసినవు. ఆ ట్యాంకుకు జల్దీ మూత పెట్టియ్యి."

మూత వచ్చింది. వెంటనే కాదు, వానలు వెళ్లాక. మేనేజరును తప్పు పట్టలేను. కాపురం దూరంగా తెల్లాపూర్‌లో పదమూడో అంతస్తులో అయినా, ఏళ్ల తరబడి రాత్రీపగలూ షిఫ్టులు చేసి ఆయన ముక్కు ఎప్పుడో ఆ ట్యాంకు పక్కనే అరిగిపోయింది. మా అమ్మాయి వైవాలో బయటి ఎగ్జామినరు "రెండు జట్లు ఎందుకమ్మా?" అని అడిగితే గుడ్డు కథ మొదలుకుని అంతా చెప్పింది. ఆయన టీ చల్లారిపోయిందట. ఇప్పుడు ఆ అమ్మాయి ఒక మందుల కంపెనీలో వాడిన నీళ్లను శుద్ధిచేసే విభాగంలో ఉంది. వాసన పనికి ఎవరినైనా తీసుకునే ముందు "మీది ఏ ఊరు?" అని అడుగుతుందట, దగ్గరి ఊరైతే వేరే పని ఇస్తుందట.

మొన్నామధ్య ఒక మధ్యాహ్నం సర్పంచమ్మ నుంచి ఫోను. పదవి పోయినా గొంతు అలాగే ఉంది.

"మేడమ్, జెర మీ ఆఫీసరు సారు నంబరియ్యిండ్రి! రిపేరని పొద్దుగాల ఆ ట్యాంకు మూత తీసిండ్రు. అబ్బబ్బ, ఏం కంపు మేడమ్! ఇండ్లల్ల ఉండెటట్టు లేదు, ఊరంత ఫ్యాక్టరీ గేటు కాడనే ఉన్నం. గిసొంటి గాలి మనుషులు పీలుస్తరా? గిన్నేండ్లు ఎట్ల బతికినమో ఏమో!"

"పెద్దమేడంకు చెప్పారా?" అన్నాను.

"ఈడనే ఉన్నది మేడమ్. మా అందరిని సూసి ఒక్కతీరుగ నవ్వుతున్నది."

ఫోను పెట్టేసి నేనూ చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత ఏదో తోచి, పటాన్‌చెరులోని మా ఇంటి బాల్కనీలోకి వెళ్లాను. దూరంగా పొగగొట్టాలు, గాలి అటు నుంచే వీస్తోంది. కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాను. హాయిగా ఉంది, ఏ వాసనా లేదు.

మీలో ఎవరైనా దూరపు ఊరి పిల్లలుంటే ఒకసారి మా ఇంటికి రండి. మంచి టీ ఇస్తాను. గుమ్మంలో అడుగు పెట్టగానే, మొహమాటపడకుండా, గాలి ఎలా ఉందో చెప్పండి.